మణిచిత్రతాళు చిత్రమును మరల నిర్మింపదగునా? – నర్తకి భాషను గూర్చిన పరిశీలనము

ప్రజల మనస్సులలో స్థిరపడిన చలనచిత్రమును వేరొక నటవర్గముతో, వేరొక భాషలో మరల నిర్మించుట తగునా యను ప్రశ్న దక్షిణదేశమున తరచుగా వినవచ్చునదే. సాంఘిక చిత్రముల విషయమున దీనికి సమాధానము సులభము. కథ నచ్చినచో ఊరిపేర్లు, ఇంటిపేర్లు మార్చి తీయుదురు. నచ్చినచో ప్రేక్షకులు చూతురు. భయానక చిత్రము విషయము అట్టిది కాదు. భయము రహస్యముపై ఆధారపడును. మూసిన తలుపు వెనుక ఏమున్నదో ఎరిగిన ప్రేక్షకునకు ఆ తలుపును రెండవమారు తెరచి చూపినపుడు భయమెక్కడిది? కావున భయానక చిత్రమును పునర్నిర్మించువారు కథను మాత్రమే నమ్ముకొన్నచో నష్టపోవుదురు. రహస్యము వెల్లడియైన పిమ్మటను నిలుచునది ఏదియో కనుగొని, దానిని క్రొత్త నేలలో నాటవలసి యుండును.

ఈ విషయమును పరిశీలించుటకు మలయాళమున 1993 లో వెలువడిన ‘మణిచిత్రతాళు’ను మించిన ఉదాహరణము లేదు. అది 2004 లో కన్నడమున ‘ఆప్తమిత్ర’గను, 2005 లో తమిళమున ‘చంద్రముఖి’గను, 2007 లో హిందీలో ‘భూల్ భులయ్యా’గను మరల నిర్మింపబడినది. తెలుగువారికి ఇందు వేరొక ఆసక్తియు కలదు. కన్నడ, తమిళ చిత్రములు రెండింటను మూసిన గదిలోని నర్తకి మాటలాడునది తెలుగు; పాడునది తెలుగు. కర్ణాటక, తమిళనాడులలో తరతరములుగా నివసించుచున్న తెలుగువారు తమ ఇంటిభాషను వెండితెరపై ఒక భూతము నోట వినిరి. అది వారికి సంతోషమును, కొంత సంకోచమును కూడ కలిగించిన విషయము. ఆ భాష అక్కడికి ఎట్లు వచ్చినది, వచ్చుట న్యాయమేనా యని విచారించినచో, పునర్నిర్మాణము ఎప్పుడు తగును, ఎప్పుడు తగదను ప్రశ్నకు కూడ సమాధానము లభించును.

మూలచిత్రము

‘మణిచిత్రతాళు’ కథారచయిత మధు ముట్టం, దర్శకుడు ఫాజిల్. సిబి మలయిల్, ప్రియదర్శన్, సిద్దిఖ్, లాల్ చిత్రీకరణమున ఆయనకు తోడ్పడిరి. పేరునకు చిత్రమైన పనితనము గల తాళమని అర్థము. నకులుడు, అతని భార్య గంగ కలకత్తానుండి వచ్చి, మాడంపళ్ళి యను తమ పూర్వుల మేడలో కాపురముండ దలచుదురు. ఆ యింటి తెక్కిని, అనగా దక్షిణపు కట్టడములోని గది, తరతరములుగా మూయబడి యున్నది. శంకరన్ తంపి యను పూర్వపు యజమాని తంజావూరినుండి నాగవల్లి యను నర్తకిని తెచ్చి యింట నుంచెననియు, ఆమె రామనాథుడను నర్తకుని ప్రేమించినదని తెలిసి దుర్గాష్టమి నాటి రాత్రి ఆమెను చంపెననియు, ఆమె ఆత్మ ఆ గదిలో బంధింపబడి యున్నదనియు ఇంటివారి నమ్మకము. గంగ ఆ గది తెరపించును. అది మొదలు ఇంట విపరీతములు పుట్టును. నకులుని మిత్రుడును మనోవైద్యుడును అయిన సన్నీ వచ్చి, దోషము గదిలో లేదనియు, గంగ మనస్సే రెండుగా చీలి అందొక భాగము నాగవల్లియై నిలిచినదనియు కనుగొనును.

గంగ పాత్రను ధరించిన శోభనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారము లభించెను. ఆరోగ్యకరమైన వినోదము నందించిన జనరంజక చిత్రముగా ఈ చిత్రమునకును జాతీయ పురస్కారము వచ్చెను. 2024 ఆగస్టులో క్రొత్త సాంకేతిక విధానమున శుద్ధిచేసి మరల విడుదల చేసినపుడు, కథను పూర్తిగా ఎరిగినవారే ప్రేక్షకశాలలకు పోయి చూచిరి. రహస్యము తెలిసిన పిమ్మటను ఈ చిత్రమున నిలుచునది ఒకటి కలదనుటకు ఇదియే నిదర్శనము.

ఆ నిలుచునది ఏది? చిత్రమున అందరును జ్ఞప్తియందుంచుకొన్న ఘట్టము చూచినచో తెలియును. గంగ నగలు కొనుటకు అంగడికి పోవలెనని సిద్ధమగును. సన్నీ ముందుగా చెప్పియుంచిన ప్రకారము నకులుడు పోరాదని అడ్డుపడును. గంగ మొదట మలయాళమున బ్రతిమాలును, పిమ్మట ఆశ్చర్యపడును, పిమ్మట కోపగించును. కోపము పెరిగిన కొలది ఆమె నోట మలయాళము పోయి తమిళము వచ్చును. మంచమును ఒంటిచేత పైకెత్తును. ప్రేక్షకులను మంచమెత్తుట కన్న భాష మారుట ఎక్కువగా కలవరపెట్టును. బలము పిచ్చిలోను రావచ్చును. భాష అట్లు రాదు. వేరొక భాష వచ్చినదనిన వేరొక జీవితము వచ్చినదని అర్థము. నిర్మాతలు ఈ రహస్యమును ఎంతగా ఎరిగియుండిరనగా, గంగ మలయాళ సంభాషణములకు భాగ్యలక్ష్మి గొంతును, నాగవల్లి తమిళ సంభాషణములకు దుర్గ యను మరియొక కళాకారిణి గొంతును వినియోగించిరి. ఒకే ముఖమున రెండు గొంతులు, రెండు భాషలు.

అయితే ఆ రెండవ భాష తమిళమే కానేల? అందుకు తిరువాన్కూరు చరిత్రయే కారణము. ఆ రాజ్యపు దక్షిణ భాగమున తమిళము వాడుకభాష. చిత్రమున కొంత భాగము పద్మనాభపురము రాజభవనమున తీయబడినది. అది తిరువాన్కూరునకు పూర్వపు రాజధాని. 1956 లో రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు ఆ ప్రాంతము మద్రాసు రాష్ట్రమున చేరినను, రాజభవనము మాత్రము కేరళ ప్రభుత్వపు పురావస్తు శాఖ అధీనముననే నిలిచినది. తమిళదేశమున మలయాళపు మేడ! అంతియేకాక నాట్యము, సంగీతము తంజావూరినుండి తిరువనంతపురమునకు పోవుట చరిత్రలో జరిగిన విషయమే. తంజావూరు సోదరులుగా ప్రసిద్ధులైన చిన్నయ్య, పొన్నయ్య, శివానందము, వడివేలు అనువారిలో వడివేలు స్వాతి తిరునాళ్ మహారాజు ఆస్థానమున ఉండెను. ఆ మహారాజు పాలించినది 1829 నుండి 1846 వరకు. కావున మలయాళపు మేడలో తంజావూరి నర్తకి యుండుట కల్పితమైనను నమ్మదగిన కల్పితము. ఆ యింట ఆ భాష పరాయిది. అయినను ఇంటి గోడలు ఎరిగినది. చిత్రపు భయమంతయు ఈ సంధియందే యున్నది.

కన్నడమున, తమిళమున

‘ఆప్తమిత్ర’ను ద్వారకీష్ నిర్మించెను, పి. వాసు దర్శకుడు, విష్ణువర్ధన్, రమేశ్ అరవింద్, సౌందర్య ప్రధాన పాత్రధారులు. పి. వాసు ఇంటిని కన్నడదేశమునకు తరలించి, నర్తకిని తెలుగు మాటలాడునట్లు చేసెను. కన్నడ ప్రేక్షకులకు తెలుగు పూర్తిగా తెలియని భాష కాదు, పూర్తిగా తమదియు కాదు. మలయాళికి తమిళము ఎట్టిదో కన్నడిగునకు తెలుగు ఇంచుమించుగ అట్టిది. అనగా వాసు మూలములోని భాషను విడిచి, ఆ భాష నిలిచిన స్థానమును పట్టుకొనెను. ఇదియే ఈ పునర్నిర్మాణములోని వివేకము.

ఆ పాత్రను ధరించిన సౌందర్య కోలారు జిల్లా ముళబాగిలులో పుట్టి, తెలుగు చిత్రములలో ప్రథమశ్రేణి నటిగా వెలుగొందినది. రెండు భాషల నడుమ జీవితమంతయు గడిపిన ఆమెకు ఇంతకన్న తగిన పాత్ర దొరకదు. 2004 ఏప్రిల్ 17 న బెంగుళూరు వద్ద జరిగిన విమాన ప్రమాదమున ఆమె మరణించెను. చిత్రము ఆగస్టులో విడుదలయ్యెను. కన్నడపు ఇల్లాలుగా మొదలై తెలుగు నర్తకిగా మారు ఆమెను కన్నడ ప్రేక్షకులు ఆమె పోయిన పిమ్మట చూచిరి. మూలచిత్రమున లేని ఒక దుఃఖము ఈ చిత్రమునకు అట్లు సంక్రమించినది.

మరుసటి సంవత్సరము ఏప్రిల్ 14 న విడుదలైన ‘చంద్రముఖి’కి కూడ వాసుయే దర్శకుడు. రజనీకాంత్, జ్యోతిక, ప్రభు నటించిరి. ఇందు వేట్టయ్యన్ అను రాజు ఆంధ్రదేశమునుండి చంద్రముఖి యను నర్తకిని బలాత్కారముగా తెచ్చి బంధించును. ఆమె పాడు ‘రా రా’ యను తెలుగు పాటను భువనచంద్ర రచింపగా, కేరళీయురాలైన బిన్నీ కృష్ణకుమార్ పాడినది. తమిళ చిత్రమున కేరళ గాయని తెలుగు పాట పాడుట! కర్ణాటక సంగీత సభలలో నిత్యము జరుగు ఈ విషయమే ఇచట భయానక రసమునకు ఉపకరించినది. చెన్నపట్టణమున శాంతి థియేటరులో ఆ చిత్రము 800 రోజులకు పైగా ప్రదర్శింపబడినది.

తంజావూరు చెప్పు సాక్ష్యము

ఇచట ఒక విషయమును నిదానముగా ఆలోచింపవలెను. తమిళదేశపు మేడలో తెలుగు నర్తకి గొంతు వినబడవలెనన్న ఆమెను ఆంధ్రదేశమునుండి తేవలసిన అవసరము కలదా? చరిత్ర లేదని చెప్పుచున్నది.

తంజావూరు నాయక రాజుల కాలమున ఆస్థానభాష తెలుగు. రఘునాథ నాయకుడు స్వయముగా తెలుగు కవి. ఆతని కొలువున రామభద్రాంబ, ఆతని కుమారుడు విజయరాఘవ నాయకుని కొలువున రంగాజమ్మ కవయిత్రులుగా ప్రసిద్ధి నందిరి. మొవ్వ క్షేత్రయ్య పదములు విజయరాఘవుని సభయందు వినబడినవి. పిమ్మట వచ్చిన మహారాష్ట్ర రాజుల మాతృభాష మరాఠీ యైనను తెలుగు సభను విడువలేదు. ప్రతాపసింహుని కాలమున (1739–1763) ముద్దుపళని తెలుగున కావ్యము రచించినది. ముద్దుపళని రాజసభకు సంబంధించిన కళావంతుల కులమున పుట్టిన విదుషి, నర్తకియు. చంద్రముఖి యను కల్పిత స్త్రీకి చరిత్రలో సాటి వెదకినచో ఈమెయే ముందుగా తోచును. అయితే ఈమెను ఎవ్వరును ఆంధ్రదేశమునుండి ఎత్తుకొని రాలేదు. ఆమె తంజావూరి స్త్రీయే, ఆమె తెలుగు తంజావూరి తెలుగే.

పిదప తంజావూరు సోదరులు నాట్యక్రమమును తీర్చిదిద్దిరి. వారు తమిళులు, అయినను వారి రచనలలో తెలుగు వర్ణములు పెక్కు కలవు. వారిలో వడివేలు తిరువనంతపురమునకు పోవగా, చిన్నయ్య మైసూరు కృష్ణరాజ ఒడెయరు ఆస్థానమునకు పోయెను. గమనింపుడు: ఒక సోదరుడు పోయిన చోటు ‘మణిచిత్రతాళు’ దేశము, మరియొకడు పోయిన చోటు ‘ఆప్తమిత్ర’ దేశము. కన్నడదేశపు రాజభవనమున తెలుగు పాటకు నర్తించు స్త్రీ యనునది గాలిలో పుట్టిన ఊహ కాదు. ఇరువదవ శతాబ్దమునను వీణ ధనమ్మాళ్ (1867–1938), ఆమె మనుమరాలు బాలసరస్వతి (1918–1984) తమిళ కుటుంబమువారైనను తెలుగు పదములను తమ ఇంటి సొత్తుగా కాపాడిరి.

మూలచిత్రములోని నాగవల్లి తంజావూరి నర్తకి గనుక ఆమె మాట తమిళమగుట ఉచితమే. అయితే అట్టి స్త్రీ వాస్తవముగా జీవించియున్నచో, ఆమె అభినయించిన పదములలో చాలభాగము తెలుగు పదములై యుండును. మాట తమిళము, పాట తెలుగు. ఇది ఆ కాలపు నర్తకుల సహజస్థితి. కావున కన్నడ, తమిళ చిత్రములు మూలమును మార్చి తెలుగును తెచ్చినవని అనుకొన్నను, ఒక విధమున అవి మూలపు అడుగున నున్న చరిత్రకు మరింత దగ్గరగా పోయినవి. తమిళ చిత్రము చేసిన లోపమెల్ల ఒక్కటే: ఇంటిలోనే దొరకు భాషను పొరుగు దేశమునుండి తెచ్చినట్లు చూపుట. తంజావూరి నర్తకియే తెలుగు పాడుచున్నదని చెప్పియున్నచో, ఆ భాష పరాయిదా, మనదియేనా యను సందేహము ప్రేక్షకుని మనస్సులో రేగి, భయము మరింత లోతుగా దిగియుండెడిది. పరాయివాని భూతము కన్న పూర్వుల భూతమునకు మనుష్యుడు ఎక్కువగా భయపడును.

తెలుగున, హిందీలో

‘చంద్రముఖి’ని 2005 లోనే తెలుగునకు అనువదించి విడుదల చేసిరి. అప్పుడొక చిక్కు వచ్చినది. ఇంటివారందరును తెలుగు మాటలాడుచుండగా నర్తకియు తెలుగే పాడినచో, రెండు గొంతుల నడుమ భేదమెక్కడ? అనువాదకులు దీనిని గ్రహించి, ‘రా రా’ పాటను తెలుగు రూపమున తమిళ పాటగా మార్చిరి. తెలుగువారికి అది ‘వారాయ్’ యను మాటతో మొదలగు పాటగా పరిచయము. ఒకే బొమ్మ, ఒకే నటి, ఒకే అభినయము. కావేరి గట్టున తెలుగు వినబడిన చోట కృష్ణ గట్టున తమిళము వినబడినది. నర్తకికి కావలసినది తెలుగును కాదు, తమిళమును కాదు. ఆ యింటికి పక్కింటిదైన భాష. అనువాదమున ఇట్టి సూక్ష్మమును గమనించుట అరుదు.

హిందీ చిత్రమునకు ప్రియదర్శన్ దర్శకుడు, మూలచిత్రమున పనిచేసినవాడే. నర్తకి మంజులిక వంగదేశీయురాలు. విద్యా బాలన్ ఆ పాత్రను ధరించినది. జయపురము సమీపమున నున్న చౌమూ రాజభవనమున కొంత చిత్రీకరణము జరిగినది. వంగభాష మాధుర్యము వలన ఆ పాట జనాదరణ పొందినది. కాని ఆ మేడకును ఆ భాషకును గల పూర్వసంబంధము కథలో బలముగా నాటుకొనలేదు. తిరువాన్కూరునకు తంజావూరు, మైసూరునకు తంజావూరి తెలుగు ఎట్టివో, ఆ మేడకు వంగభాష అట్టిది కాదు. భేదము కలదు, బంధుత్వము లేదు. కావున అందు కొత్తదనము ఎక్కువై, భయము తక్కువైనది.

భూతమా, వ్యాధియా?

భాష తరువాత విచారింపవలసిన రెండవ అంశము కథ తీర్పు. ‘మణిచిత్రతాళు’ గొప్పతనము మంత్రవాదిని, వైద్యుని ఒకే పందిరి క్రింద కూర్చుండబెట్టుట. బ్రహ్మదత్తన్ నంబూద్రిపాదు తంత్రవేత్త, సన్నీ వైద్యుడు. ఒకరినొకరు తిట్టుకొనరు. గంగ మనస్సులోని నాగవల్లి తృప్తిపడునట్లు, శంకరన్ తంపికి మారుగా ఒక బొమ్మను ఆమె చేతికి అప్పగించి, నకులుని ప్రాణమును, గంగ మనస్సును కాపాడుదురు. చిత్రము ముగియు సరికి ప్రేక్షకునకు మిగులునది భయము కాదు. తల్లిదండ్రులు కలకత్తాలో నుండగా అవ్వ పెంపకమున పల్లెలో పెరిగి, ఆ యింటినుండి హఠాత్తుగా విడదీయబడిన ఒక బాలిక దుఃఖము మిగులును. భయానకము కరుణముగా పరిణమించును. లాక్షణికులు చెప్పిన రసములలో ఈ రెండును ఇంత సహజముగా కలియుట అరుదు. ఈ చిత్రమును రెండవమారు చూచువారు భయపడుటకు కాక జాలిపడుటకే చూచుచున్నారు.

కాలము గడచిన కొలది పునర్నిర్మాణములు, వాని ఉత్తరకథలు ఈ తీర్పునుండి దూరముగా జరిగినవి. 2010 లో వెలువడిన కన్నడ ‘ఆప్తరక్షక’, విష్ణువర్ధన్ మరణానంతరము విడుదలైన చిత్రము. అందు నర్తకి చిత్తరువు ఒక యింటినుండి మరియొక యింటికి పోవుచుండును. శతాధిక వయస్కుడైన రాజు ఇంకను జీవించియున్నట్లు చూపిరి. అదే యేడు తెలుగున అది వెంకటేశ్, అనుష్కలతో ‘నాగవల్లి’గా వచ్చినది. 2022 నాటి ‘భూల్ భులయ్యా 2’ లో మంజులిక నిజమైన భూతమే యైనది. 2023 లో ‘చంద్రముఖి 2’ వచ్చినది. వీనిలో వినోదము లేదని కాదు. అయితే భూతము నిజమైనచో గంగ దుఃఖమునకు చోటు లేదు. వ్యాధి యని చెప్పుటకు ధైర్యము కావలెను. భూతమని చెప్పుటకు ధైర్యమక్కరలేదు. కథకు ప్రాణమైన ధైర్యమును విడిచి దాని నగలను మాత్రము ధరించినట్లయినది.

ఇచట చరిత్రకు సంబంధించిన మరియొక న్యాయమును తలచుకొనవలెను. నాగవల్లి యైనను చంద్రముఖి యైనను అపరాధిని కాదు. ఒక ధనవంతుని చేత చంపబడిన స్త్రీ. మద్రాసు రాష్ట్రమున 1947 లో చేసిన చట్టముచే దేవదాసీ సమర్పణము నిషేధింపబడినది. అది ఆ స్త్రీలను నిర్బంధమునుండి విడిపించుటకు చేసిన చట్టము. వారు కాపాడిన కళ మాత్రము పేరు మార్చుకొని వేరువేరు వేదికల నెక్కినది. కళను కాపాడినవారి పేర్లు మరుగునపడినవి. అట్టి స్త్రీని తెరపై భయపెట్టు బొమ్మగా మాత్రమే చూపుట రెండవమారు చంపుట వంటిది.

మరల నిర్మింపదగునా?

ఉత్తమ చిత్రమును ముట్టుకొనరాదను వాదమున బలము లేదు. మన సాహిత్యమున ఒకే రామకథను ఎందరో చెప్పిరి. ముందటివాని కావ్యము చెడినదని ఎవ్వరును అనలేదు. తంజావూరు సమీపమున మెలట్టూరు గ్రామమున ప్రతి సంవత్సరము నరసింహ జయంతికి భాగవత మేళము జరుగును. మెలట్టూరు వెంకటరామ శాస్త్రి రచించిన తెలుగు నాటకములను ఆ గ్రామమువారు పురుషులే స్త్రీపాత్రలు ధరించి ఆడుదురు. ప్రహ్లాదుడు బ్రతుకునని, స్తంభమునుండి నరసింహుడు వచ్చునని ఎరుగనివారు ఆ సభలో లేరు. అయినను స్తంభము వైపు అందరి చూపును నిలుచును. తెలిసిన కథ మరల మరల భయమును, భక్తిని కలిగింపగలదనుటకు ఇంతకన్న సాక్ష్యము వలదు.

కాని నాటకమునకును చలనచిత్రమునకును భేదము కలదు. నాటకము ఆడిననాడే జీవించును; మరల ఆడకున్నచో నశించును. చలనచిత్రము ఒకమారు తీసిన పిమ్మట నిలిచియే యుండును. హిచ్‌కాక్ 1960 లో తీసిన ‘సైకో’ను 1998 లో గస్ వాన్ శాంట్ ఇంచుమించుగా దృశ్యమునకు దృశ్యముగా మరల తీసెను. రంగులు వచ్చినవి, నటులు మారిరి. అంతకుమించి చేరినది అల్పము. మూలము అందుబాటున నుండగా ప్రతిబింబము కొరకు ఎవరు పోదురు? 2004 లో కన్నడ ప్రేక్షకునకు మలయాళ చిత్రము సులభముగా లభించెడిది కాదు. ఈనాడు ఉపశీర్షికలతో ఇంటనే చూడవచ్చును. కావున కథను అందించుటకే పునర్నిర్మాణము కావలెనను పూర్వపు కారణము చాలవరకు తీరిపోయినది. కొత్తగా తీయువాడు మూలము ఇయ్యజాలని దానిని ఈయవలెను.

అట్టిది ఇచ్చుటకు మూడు నియమములు చాలును. మొదటిది, ఈ యింట మూసిన గదిలో ఎవరి భాష యుండును అని ఆ యింటి చరిత్రను అడిగి తెలిసికొనవలెను. వినసొంపుగా నున్నదని ఏదో యొక భాషను తెచ్చి పెట్టరాదు. రెండవది, వ్యాధిని వ్యాధియని చెప్పు ధైర్యమును విడువరాదు. ఈనాటి వైద్యము అట్టి రోగులకు ఓపికతో కూడిన మాటల చికిత్స కావలెనని చెప్పుచున్నది. బొమ్మను నరికించుట నాటకమునకు చెల్లునే గాని చికిత్సకు చెల్లదు. మూడవది, మూలరచయిత పేరును, మూలచిత్రము పేరును మొదటనే చెప్పవలెను. పొందినదానిని పొందితినని చెప్పుట చిన్నతనము కాదు.

రెండు భాషల యిండ్లు

ఈ విచారణ కోలారు, బళ్ళారి, హోసూరు, కృష్ణగిరి, కోయంబత్తూరు, మదురై ప్రాంతములలోని తెలుగు కుటుంబములకు ఏల ముఖ్యము? ఆ యిండ్లలో రెండు భాషలుండుట వింత కాదు. అవ్వతో తెలుగు, అంగడిలో కన్నడమో తమిళమో. ఒకే నోట ఒకే గడియలో రెండు భాషలు వచ్చును. ఎవ్వరును భూతవైద్యుని పిలువరు. చిత్రము భయకారణముగా చూపినది వారికి దినచర్య. అందుచేత తెలుగు పాట వినబడగానే ప్రేక్షకశాలలో ఇతరులు జంకినచో, వారిలో కొందరు మాట అర్థమై చిరునవ్వు నవ్వియుందురు. ఆ నవ్వునకు విలువ కలదు.

అయితే అదే యింటి బిడ్డ తెలుగు లిపిని నేర్వక, అవ్వ మాటలను సగమే అర్థము చేసికొనుచు పెరుగుచున్నాడు. అతనికి ఆ భాష వినబడు పెద్ద వేదిక వెండితెర. అచట అది ఎల్లప్పుడును మూసిన గదినుండి, పగతో, గజ్జెల చప్పుడుతో వచ్చు భాషగా మాత్రమే వినవచ్చినచో, అది తన అవ్వ భాష యని అతడు నలుగురిలో చెప్పుకొనునా? గంగ వ్యాధికి మూలము అవ్వ యింటినుండి తెగిపోవుటయే యని ‘మణిచిత్రతాళు’ చెప్పినది. పునర్నిర్మాతలు నాగవల్లి పాటను అనుకరించినంతగా ఈ మాటను అనుసరింపలేదు. గంగను బాధించినది పరభాష కాదు, విడిచివచ్చిన యిల్లు.

కావున ‘మణిచిత్రతాళు’ను మరల నిర్మింపదగును. తంజావూరిలోనో, మైసూరులోనో, ఒడియా తెలుగు రెండును వినబడు పర్లాకిమిడిలోనో ఒక మేడను ఎన్నుకొని, ఆ మేడలో తెలుగు ఎట్లు పుట్టినదో, ఎట్లు మూయబడినదో ఎరిగినవాడు దానిని నిర్మింపవలెను. అట్టి చిత్రమున తలుపు తెరచునపుడు లోపలినుండి వచ్చునది పొరుగువారి భూతముగా కాక, ఆ యింటివారే మరచిన ఒక గొంతుగా వినబడును. అప్పుడు ప్రేక్షకుడు మొదట జంకును. పిమ్మట చెవి యొగ్గి వినును. రెండవది జరుగని చోట మరియొకమారు తీయుటకు కారణము లేదు. 1993 నాటి చిత్రము చాలును.